సెటిల్‌మెంట్ డబ్బంతా కట్టేశాను, సిబిల్ రిపోర్టు బాగుపడేదెలా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో ఉంటాను. సొంత కారు ట్రావెల్స్‌కి తిప్పుతాను. 2020లో కొండ మీద దర్శనాలు ఆగిపోయినప్పుడు బేరాలు లేక పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు రెండూ కట్టలేకపోయాను. తర్వాత పర్సనల్ లోన్ 3,40,000 బాకీని 2,10,000కి సెటిల్ చేస్తామని బ్యాంకు ఒప్పుకుంది. వాయిదాల్లో మొత్తం కట్టేశాను. కార్డు బాకీ మాత్రం పైసా తగ్గించకుండా పూర్తిగా కట్టాను. పాత కారు లోన్ కూడా అయిపోయింది. ఇప్పుడు కొత్త కారుకు లోన్ అడిగితే పర్సనల్ లోన్ మీద ‘సెటిల్డ్’, కార్డు మీద ‘రిటెన్ ఆఫ్’ ఉన్నాయని ఇవ్వలేదు. ఒకతను 15 వేలిస్తే నెలలో రెండూ తీసేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా? పర్సనల్ లోన్‌కు మా బావమరిది షూరిటీ ఉన్నాడు. అతనికి కూడా ఇబ్బందేనా?

సమాధానం:

ఆ 15 వేలు ఇవ్వకండి. అడ్వాన్సని వెయ్యి రూపాయలు కూడా ఇవ్వకండి.

మీ రిపోర్టులో మచ్చలు రెండున్నా, రెండూ ఒక రకం కాదు. పర్సనల్ లోన్ మీద ‘సెటిల్డ్’ అన్నది నిజం. బాకీ కంటే తక్కువకు ఒప్పందం జరిగింది, దాన్నే రాశారు. కార్డు సంగతి వేరు. పూర్తిగా కట్టిన తర్వాత కూడా బాకీ చూపిస్తుంటే అది తప్పు. తప్పును సరిచేయించుకోవడం మీ హక్కు, దానికి పైసా ఖర్చు లేదు. నిజాన్ని మాత్రం ఎంత పెద్ద ఏజెంటైనా చెరపలేడు. తగ్గించిన డబ్బు కట్టి మార్పించుకోవాలి, లేదంటే కొన్నాళ్లు ఓపిక పట్టి దాని పక్కన మంచి రికార్డు పెంచుకోవాలి. మీరు చేయాల్సినదంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంది.

ఈ ఏజెంట్లు ఏం చేస్తారో చెబుతాను. మీ పాన్, ఆధార్, ఓటీపీ తీసుకుని క్రెడిట్ బ్యూరో (లోన్ల చరిత్ర నమోదు చేసి రిపోర్టు ఇచ్చే సంస్థ, సిబిల్ లాంటిది) సైట్‌లో మీ పేరు మీదే లాగిన్ అవుతారు. ‘ఈ లోన్ నాది కాదు’ అని డిస్ప్యూట్ (అభ్యంతరం) పెడతారు. బ్యూరో తనంతట తాను ఒక్క అక్షరం కూడా మార్చదు, లోన్ ఇచ్చిన బ్యాంకును అడుగుతుంది. ‘ఆయనదే, సెటిల్ అయింది’ అని బ్యాంకు జవాబిస్తుంది. కథ అంతే. ఈలోగా ఆ ఖాతా డిస్ప్యూట్‌లో ఉందని ఒక మాట రిపోర్టులో కనిపించవచ్చు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపి, పని మొదలైందని మిగతా డబ్బు లాగుతారు. ఇంత చేస్తే మీ లోన్ మీది కాదని మీరే అబద్ధమాడినట్టు రికార్డవుతుంది. ఓటీపీలు చేతికిచ్చాక మీ పేరు మీద ఏ యాప్‌లో ఏం తీసుకుంటారో చెప్పలేం. కొందరైతే ఇంకో పాన్ కార్డు తీసుకోమని కూడా సలహా ఇస్తారు. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉంటే ఆదాయపు పన్ను చట్టం కింద పదివేల జరిమానా పడుతుంది. బ్యాంకులో మోసం కింద లెక్కేస్తే ఇక ఆ తలుపు మూసుకుపోయినట్టే.

ముందు కాగితాల సంగతి చూసుకోండి. చిత్తూరు జిల్లా బ్రాంచీల్లో లోన్లు, వసూళ్లు చూసిన అనుభవంతో చెబుతున్నాను. వాయిదాల మీద పెట్టిన శ్రద్ధ చాలామంది ఆఖరి కాగితం మీద పెట్టరు. చివరి వాయిదా కట్టి, రశీదు జేబులో పెట్టుకుని, పీడ విరగడైందని వెళ్లిపోతారు. బ్యాంకు కంప్యూటర్‌లో మాత్రం ఆ ఖాతా ఇంకా పూర్తిగా మూసి ఉండకపోవచ్చు. సెటిల్‌మెంట్‌లో మాఫీ చేసిన మొత్తాన్ని సిస్టమ్‌లో విడిగా కొట్టేయాలి. ఆ ఎంట్రీ పడకపోతే మాఫీ అయిన 1,30,000 మీ పేరు మీద ఓవర్‌డ్యూగా నెలనెలా బ్యూరోకు వెళ్తూనే ఉంటుంది.

కాబట్టి పర్సనల్ లోన్‌కు మీ దగ్గర రెండు లెటర్లు ఉండాలి. ఒకటి సెటిల్‌మెంట్ మంజూరు చేస్తూ బ్యాంకు ఇచ్చినది. రెండోది డబ్బంతా ముట్టాక ఇచ్చే నో డ్యూస్ లెటర్. అందులో లోన్ ఖాతా నంబరు, ఒప్పందం తేదీ, మీరు కట్టిన మొత్తం, ఆఖరి వాయిదా తేదీ, ఇక బాకీ ఏమీ లేదన్న వాక్యం ఉండాలి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో ఇవ్వాలి, లేదా బ్యాంకు అధికారిక ఈమెయిల్ నుంచి రావాలి. కలెక్షన్ ఏజెన్సీ కుర్రాడు వాట్సాప్‌లో పంపిన ‘అకౌంట్ క్లోజ్డ్ సార్’ అన్న మెసేజ్ ఎక్కడా చెల్లదు. కార్డుకైతే నో డ్యూస్ ఒక్కటి చాలు. పూర్తి బాకీ కట్టినట్టు ఆ మాట స్పష్టంగా ఉండాలి.

లోన్‌ను బ్యాంకు ఏదైనా అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి (మొండి బాకీలు కొని వసూలు చేసుకునే కంపెనీ) అమ్మేసి ఉంటే లెటర్ ఇవ్వాల్సింది ఆ కంపెనీ. అప్పుడు ఒకే లోన్ రిపోర్టులో రెండు చోట్ల, బ్యాంకు పేరుతో ఒకసారి, కంపెనీ పేరుతో ఒకసారి కనిపించవచ్చు. రెండో చోట బాకీ సున్నా అయినంత మాత్రాన మొదటిది దానంతటదే మారదు. రెండూ చూసుకోవాలి.

చెక్ బౌన్స్ కేసు గానీ, సివిల్ దావా గానీ వేసి ఉన్నారేమో కనుక్కోండి. డబ్బు కట్టేశాం కదా అని కోర్టుకు వెళ్లడం మానేస్తే కేసు దానంతటదే ముగిసిపోదు. బ్యాంకు లాయర్ మెమో దాఖలు చేసి మూయించాలి. రాజీ లోక్ అదాలత్‌లో జరిగి ఉంటే అవార్డు కాపీ భద్రంగా ఉంచుకోండి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అయితే లోక్ అదాలత్‌లో తక్కువకు రాజీ పడినా రిపోర్టులో ‘సెటిల్డ్’ అనే వస్తుంది. జడ్జిగారి ముందు అయింది కాబట్టి మచ్చ పోతుందని చాలామంది అనుకుంటారు, అలా పోదు. ఇచ్చిన ఖాళీ చెక్కులు తిరిగి తీసుకోవడం, ఆటోడెబిట్ రద్దు చేయించడం కూడా ఇదే ఊపులో ముగించేయండి. ఇల్లో పొలమో తనఖా పెట్టి సెటిల్ చేసుకున్నవాళ్లకు ఇంకొక మాట. డబ్బంతా ముట్టిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకివ్వాలని 2023లో ఆర్‌బీఐ ఆదేశించింది.

ఇక రిపోర్టు. మన దేశంలో బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో దాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా పొందే హక్కు 2017 నుంచి ఉంది. నాలుగూ తీయండి. ఒకదానిలో సరైంది ఇంకోదానిలో తప్పుగా ఉండటం కొత్తేమీ కాదు, మీకు లోన్ ఇచ్చేవాడు ఏది చూస్తాడో మీ చేతిలో లేదు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు దగ్గర ఆగిపోకుండా ఖాతాల పేజీకి వెళ్లండి. కార్డు ఖాతా ముందు తెరవండి. ‘కరెంట్ బ్యాలెన్స్’, ‘అమౌంట్ ఓవర్‌డ్యూ’ రెండు చోట్లా సున్నా ఉందా? ‘డేట్ క్లోజ్డ్’ దగ్గర తేదీ ఉందా, ఖాళీగా ఉందా? ‘డేట్ రిపోర్టెడ్’ చూడండి, బ్యాంకు ఆఖరిసారి సమాచారం పంపిన తేదీ అదే. మీరు డబ్బు కట్టిన తేదీ కంటే అది ముందుదైతే, బ్యాంకు ఆ తర్వాత అప్‌డేట్ పంపనే లేదని అర్థం. మీ కేసులో జరిగింది బహుశా ఇదే. ఆ కింద నెలలవారీ గళ్లు ఉంటాయి. 36 నెలల వరకు చూపిస్తారు. ఒక్కో గడిలో ఎన్ని రోజులు ఆలస్యమైందో ఉంటుంది: 000 అంటే సమయానికి కట్టినట్టు, 030, 060 అంటే అన్ని రోజులు దాటినట్టు. కొన్ని గళ్లలో అంకెలు కాకుండా ఎస్‌యూబీ, డీబీటీ లాంటి అక్షరాలు ఉంటే బ్యాంకు దాన్ని మొండి బాకీగా వర్గీకరించినట్టు. మీరు బాకీ తీర్చేసిన తర్వాతి నెలల్లో కూడా ఈ అంకెలు పెరుగుతూ కనిపిస్తే ఆ గళ్ల నెలలు కాగితం మీద రాసుకోండి. ఫిర్యాదుకు అంతకన్నా గట్టి ఆధారం లేదు.

కార్డు విషయంలో ఒక నిజం ముందే తెలుసుకోండి. మీరు కట్టకముందే బ్యాంకు దాన్ని రైటాఫ్ చేసి ఉంటే, ఆ చరిత్ర తుడిచేయమని అడగలేం. రైటాఫ్ అంటే బ్యాంకు తన పుస్తకాల్లో పక్కన పెట్టడం, మాఫీ కాదు. అందుకే ఆ తర్వాత కూడా మీ దగ్గర వసూలు చేశారు. ఆ తర్వాత పూర్తిగా కడితే రావాల్సిన స్టేటస్ ‘పోస్ట్ రైట్ ఆఫ్ క్లోజ్డ్’, బాకీ సున్నా. అడగాల్సింది కూడా అదే. ‘రిటెన్ ఆఫ్’ అని ఉండి బాకీ నిలిచి ఉన్న ఖాతాకూ దీనికీ లోన్ ఆఫీసర్ కళ్లకు చాలా తేడా ఉంటుంది. మొదటిది చూస్తే ఫైలు పక్కన పడేస్తాడు, రెండోది చూస్తే కనీసం ఏం జరిగిందని అడుగుతాడు.

ఫిర్యాదు రెండు వైపుల నుంచీ పెట్టండి. బ్యూరో సైట్‌లో ఆ ఖాతా, ఆ గడి ఎంచుకుని డిస్ప్యూట్ పెట్టాలి, ఇది ఉచితం. అదే రోజు బ్యాంకుకు నో డ్యూస్ కాపీ, రశీదులు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా బ్రాంచి నుంచి కదలకండి. ‘మా చేతిలో లేదు, హెడ్డాఫీసు చూస్తుంది’ అంటారు. ఉండొచ్చు, అయినా కాగితం తీసుకోవడం వాళ్ల పనే. ఈమెయిల్ కూడా పెట్టండి.

ఇక్కడ గడువు మీ పక్షాన ఉంది. 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చాలి. అందులో బ్యాంకు 21 రోజుల్లోపు సరైన సమాచారం బ్యూరోకు పంపాలి. దాటితే ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు పరిహారం. ఆలస్యం బ్యాంకుదైతే బ్యాంకు, బ్యూరోదైతే బ్యూరో ఇవ్వాలి. అందుకే ఫిర్యాదులో మీ బ్యాంకు ఖాతా వివరాలు కూడా రాయండి. వంద రూపాయలు పెద్ద మొత్తం కాకపోవచ్చు. కానీ ఈ నిబంధనను లెటర్‌లో ఒక్క వాక్యంగా రాస్తే ఆ లెటర్‌ను చూసే పద్ధతే మారిపోతుంది.

30 రోజులైనా జవాబు లేకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. 2022 సెప్టెంబరు నుంచి బ్యాంకుల మీదే కాదు, క్రెడిట్ బ్యూరోల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టాలి. ఆన్‌లైన్ చేతకాకపోతే చండీగఢ్ సెక్టార్ 17లోని ఆర్‌బీఐ కేంద్రానికి పోస్టులో పంపినా తీసుకుంటారు. సందేహాలకు 14448 నంబరు ఉంది. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. మీరు బ్యాంకుకు ముందే ఫిర్యాదు చేసినట్టు రుజువు అడుగుతారు. ఆ ముద్ర వేయించుకున్న కాపీ అప్పుడు పనికొస్తుంది.

ఇక్కడి వాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది, బ్యాంకుల విలీనం. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, అదే రోజు సిండికేట్ కెనరాలో కలిసింది. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంక్ 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంక్‌లో భాగమైంది. ఇలా కలిసిన బ్యాంకుల్లో పాత లోన్ ఉన్నవాళ్లు రిపోర్టులో పాత పేరు, కొత్త పేరు రెండింటి కిందా వెతకాలి. ఒకే బాకీ రెండుసార్లు కనిపిస్తే, పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసిచ్చి ఒకటే ఖాతా అని లెటర్ అడగండి.

‘సెటిల్డ్’ సంగతికి వద్దాం. దాన్ని ‘క్లోజ్డ్’ చేయించాలంటే మార్గం ఒకటే, బ్యాంకు వదులుకున్న 1,30,000 కట్టడం. దీనికి బ్యాంకు ఒప్పుకోవాలి. కొన్ని బ్యాంకులు అసలు మాత్రం తీసుకుంటాయి, కొన్ని వడ్డీ కూడా అడుగుతాయి. బేరం ఆడండి. అయితే స్టేటస్ ‘క్లోజ్డ్’గా మార్చి నాలుగు బ్యూరోలకూ పంపుతామని ముందు లెటర్ మీద రాసిచ్చాకే డబ్బు కట్టాలి. నోటిమాట మీద కట్టారో, డబ్బూ పోతుంది, మచ్చా ఉంటుంది.

కట్టాలా వద్దా అంటే, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు మూడేళ్లలో ఇంటి లోన్ తీసుకునే ఆలోచన ఉండి, ఆ డబ్బు చేతిలో ఉంటే కట్టడం మంచిదే. ఇరవై ఏళ్ల లోన్‌లో వడ్డీ ఒక్క శాతం తగ్గినా అంతకు మించి మిగులుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి మాత్రం కట్టకండి, అది ఒక గుంత పూడ్చడానికి ఇంకో గుంత తవ్వడం. మీకిప్పుడు కావాల్సింది బతుకుతెరువుకు కారు. మీ స్థితిలో ఆ డబ్బు దొరికితే కారుకు మార్జిన్‌గా పెట్టమంటాను. డౌన్‌పేమెంట్ ఎక్కువ కట్టేవాడి ఫైలును వాహనాల లోన్లిచ్చేవాళ్లు మరో కంటితో చూస్తారు.

అదైనా ఇవాళే కాదు. ఆర్‌బీఐ 2023 జూన్ నిబంధనల ప్రకారం రాజీ సెటిల్‌మెంట్ చేసుకున్న మనిషికి అదే బ్యాంకు కొత్త లోన్ ఇవ్వాలంటే కనీసం 12 నెలలు ఆగాలి, బ్యాంకు ఇష్టమైతే ఇంకా ఎక్కువ పెట్టుకోవచ్చు. వ్యవసాయ లోన్లకు మాత్రం ఎంత కాలమన్నది బ్యాంకు బోర్డే నిర్ణయిస్తుంది. వేరే బ్యాంకులకు వాటి వాటి లెక్కలున్నాయి. కనీసం ఇంత స్కోరు ఉండాలని ఆర్‌బీఐ ఎక్కడా పెట్టలేదు. కాబట్టి ఒకచోట కాదన్నారని అన్ని తలుపులూ మూసుకున్నట్టు కాదు. అలాగని నెలలో ఐదు చోట్ల అప్లై చేయకండి. ప్రతి అప్లికేషన్ ఎంక్వైరీగా పడుతుంది, డబ్బుకు మరీ ఇబ్బంది పడుతున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు. ముందు నోటితో అడగండి, మీ చరిత్ర దాచకుండా చెప్పండి, ఇస్తామంటేనే పాన్ ఇవ్వండి.

ఈ ఏడాదిలో చేయాల్సింది కొత్త, శుభ్రమైన నెలలు పోగేసుకోవడం. ఫిక్సెడ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకోండి, స్కోరు తక్కువున్నా ఇస్తారు. డీజిల్‌కు మాత్రమే వాడండి, లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వకండి, బిల్లు వచ్చాక మినిమం డ్యూ కాకుండా మొత్తం కట్టండి. మన వైపు బంగారం మీద లోన్ లేని ఇల్లు తక్కువ. అది కూడా రిపోర్టులో కనిపిస్తుంది, మంచిగానైనా చెడ్డగానైనా. ఏడాది గడువు దాటాక వారానికో పది రోజులకో వెళ్లి తిరగరాయిస్తే, ‘నగ వాళ్ల దగ్గరే ఉంది కదా, ఏమవుతుంది’ అనిపిస్తుంది కానీ ఆలస్యం ఆలస్యంగానే పడుతుంది. గడువుకు ముందే వడ్డీ కట్టేయండి. తెలిసినవాళ్ల దగ్గర వేసే చీటీ, రోజువారీ వసూళ్ల ఫైనాన్సు ఎంత నిక్కచ్చిగా కట్టినా బ్యూరోకు తెలియదు, వాటితో స్కోరు పెరగదు. ఐదువేలు, పదివేల యాప్ లోన్ల జోలికి మాత్రం పోవద్దు. స్కోరు పెరుగుతుందని ప్రకటనలో అంటారు, ఒక్క వాయిదా తప్పితే ఈ శ్రమంతా నీళ్లలో పోసినట్టే.

మీ బావమరిదికి ఇబ్బందే. షూరిటీ పడ్డ లోన్ అతని రిపోర్టులోనూ కనిపిస్తుంది. అతనిచేత కూడా రిపోర్టు తీయించండి, బాకీ నిలిచి ఉంటే అతని పేరుతో విడిగా డిస్ప్యూట్ పెట్టించండి. మీరు తీసుకునే నో డ్యూస్ లెటర్‌లో షూరిటీదారు బాధ్యత కూడా తీరిపోయిందని ఒక వాక్యం రాయించండి. అతను లోన్‌కు వెళ్లినప్పుడు చూపించడానికి కాపీ ఇవ్వండి.

బ్యాంకు సరిచేశామని చెప్పిన వెంటనే రిపోర్టు తీయకండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు బ్యూరోలకు సమాచారం పంపాలి, అది లోపలికి చేరడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. నెల ఆగి చూడండి.

చివరిగా పాత కారు. లోన్ అయిపోయిందన్నారు, ఆర్‌సీలో హైపోథికేషన్ (కారు ఫైనాన్స్ కంపెనీకి తాకట్టులో ఉందన్న నమోదు) తీయించారా? తీయించకపోతే ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఎన్‌ఓసీ, సంతకాలు చేసిన ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో ఇవ్వండి. ఎన్‌ఓసీ తెచ్చి బీరువాలో పెట్టుకుంటే దాని గడువు అయిపోతుంది, మళ్లీ తిరగాలి. ఆ కారు అమ్మితే వచ్చే డబ్బే కొత్తదానికి మార్జిన్ అవుతుంది కాబట్టి, ఈ పని కార్డు ఫిర్యాదుతో పాటే ఈ వారమే మొదలుపెట్టండి.